అయ్యగారి తరువాత ఎవరు?

నలభై ఏళ్లు ఇశ్రాయేలీయులను నడిపించిన మోషేకు తన ప్రయాణం ముగియబోతోందని దేవుడు తెలియజేశాడు. అప్పుడు మోషే తన కుమారులకు పదవి ఇమ్మని అడగలేదు. తన పేరు నిలిచే కట్టడం కోరలేదు. ఈ ప్రజలు కాపరిలేని గొర్రెల్లా చెదిరిపోకుండా వారిమీద ఒకరిని నియమించమని దేవుణ్ణి వేడుకున్నాడు (సంఖ్యా 27:15-17). మంచి నాయకుడి చివరి చింత తన గురించి కాదు, తన మంద గురించే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పరిచర్య చేసే మా వంటి కాపరులను ఈ ప్రార్థన ఆలోచింపజేస్తుంది. పట్టణంలోని సంఘంతోపాటు చుట్టుపక్కల గ్రామాల సంఘాలను కూడా ఒకే కాపరి చూసుకోవలసి వస్తుంది. ఆదివారం ఉదయం ఒక ఊరు, మధ్యాహ్నం మరో ఊరు. మిగిలిన ఊళ్లు తమ వంతు కోసం ఎదురుచూడాలి. కొన్నేళ్లకు అయ్యగారికి బదిలీ అవుతుంది. కొత్త అయ్యగారు వచ్చి ఇంటింటి కష్టం తెలుసుకునేసరికి ఆయనకూ బదిలీ కాలం దగ్గరపడుతుంది.

ఇంతలో విశ్వాసుల బతుకులు మారిపోతున్నాయి. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుండి ఎందరో దుబాయి, మస్కట్, సౌదీ బాట పట్టారు. ఇంటి దగ్గర భార్య బీడీలు చుడుతూ, పిల్లలను చదివిస్తూ, అత్తమామలను చూసుకుంటూ బతుకు బండి లాగుతోంది. సిరిసిల్లలో మరమగ్గం ఆడితేనే పొయ్యి వెలుగుతుంది. 2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు మగ్గాలకు చేతినిండా పని దొరికింది. పని తగ్గితే నేతన్న చూపు భీవండి, సూరత్‌ల వైపు మళ్లుతుంది. చదువుకున్న పిల్లలు హైదరాబాదు చేరారు. వారి పేర్లు సంఘం రిజిస్టరులో ఉన్నాయి గాని మనుషులు ఆరాధనలో కనబడరు.

గల్ఫ్ నుండి శవపేటిక ఊరికి చేరిన రాత్రి ఆ తల్లి పక్కన ఎవరు కూర్చుంటారు? అప్పు ఇచ్చినవాడు గుమ్మం ముందు నిలబడి అరుస్తుంటే, బతుకు చాలించాలనుకునే తండ్రి చేయి ఎవరు పట్టుకుంటారు? కాపరి కబురంది బయలుదేరేసరికే ఆలస్యం కావచ్చు. ఆ వాడలోనే ప్రార్థన తెలిసిన ఒక అన్న, ఓదార్పు తెలిసిన ఒక అక్క ఉండాలి. నాయకులను తయారుచేయడమంటే కమిటీలో ఖాళీలు నింపడం కాదు, ప్రాణాలు నిలబెట్టడం!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరాలు మూతబడినప్పుడు ఈ సంగతి అందరికీ అర్థమైంది. ఇంట్లో వాక్యం చదివి ప్రార్థన నడిపించగలవారు ఉన్నచోట ఆరాధన ఆగలేదు. అన్నిటికీ కాపరి మీదే ఆధారపడినచోట దీపం మసకబారింది.

మోషే ప్రార్థనకు జవాబుగా దేవుడు యెహోషువను చూపించాడు. అయితే యెహోషువ ఆ రోజే తయారు కాలేదు. మొదట మోషే అతనికి పని అప్పగించాడు. అమాలేకీయులతో యుద్ధానికి అతణ్ణే పంపాడు (నిర్గమ 17:9). తరువాత తనతోపాటు కొండకు తీసుకువెళ్లాడు (24:13). మోషే పాళెములోనికి తిరిగి వచ్చినా యెహోషువ గుడారాన్ని విడువలేదు (33:11). ఎల్దాదు, మేదాదు ప్రవచిస్తుంటే ఆపమని అతడు తొందరపడినప్పుడు, దేవుని ప్రజలంతా ప్రవక్తలైతే మంచిదే కదా అన్న భావంతో మోషే అతణ్ణి సరిదిద్దాడు (సంఖ్యా 11:28,29). పని, సహవాసం, ప్రార్థన, దిద్దుబాటు – ఈ నాలుగూ కలిస్తేనే నాయకుడు. చివరికి మోషే అందరి ఎదుట అతనిమీద చేతులుంచి, తన ఘనతలో కొంత అతనికిచ్చాడు (27:18-23). మన దగ్గర పని అప్పగించేవారున్నారు గాని, ఘనత పంచేవారు అరుదు.

మన తెలుగు నేలమీదే ఇందుకు గొప్ప సాక్ష్యం ఉంది. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగువారిలో ఒకడయ్యాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. 1910లో ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీల ఎదుట నిలిచి, భారతీయ విశ్వాసులకు మీ ధనం, త్యాగం మాత్రమే కాదు, మీ స్నేహం కావాలని ఆయన నిర్భయంగా అడిగాడు. తనకు అధికారం వచ్చాక అదే స్నేహాన్ని పల్లె ప్రజలకు పంచాడు. గ్రామ ఉపదేశకులను, వారితోపాటు వారి భార్యలను కూడా తర్ఫీదు చేయించాడు. బాప్తిస్మం పొందినవారు తమ తలమీద చెయ్యి వేసుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలులాగే (1 కొరింథీ 9:16) ఒప్పుకొనేలా నేర్పాడు. అంటే ఆయన దృష్టిలో సువార్త జీతగాళ్ల పని కాదు, ప్రతి విశ్వాసి బాధ్యత. 1945 జనవరి 1న ఆయన ప్రభువు సన్నిధికి చేరాడు, పని ఆగలేదు.

మరి మన సంఘాల్లో నాయకులు ఎందుకు ఎదగడం లేదు? ఎదిగేవాడు తన స్థానానికి ఎసరు పెడతాడని కొందరు కాపరుల భయం. కానుక ఎక్కువ ఇచ్చేవాడే పెద్ద అని కొందరు సభ్యుల లెక్క. ఎన్నికలొస్తే కులం, బంధుత్వం చూసి ఓటు వేసేవారూ ఉన్నారు. యెరూషలేములో భోజనం పంచే పనికి కూడా మంచి పేరు, ఆత్మ, జ్ఞానం చూసి ఏడుగురిని ఏర్పరచారు (అపొ.కా. 6:3). విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణిగినవారు గ్రీకు భాష మాట్లాడేవారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నొప్పి తెలిసినవారి చేతికే పని అప్పగించారన్నమాట!

ఈ లెక్కన మన ప్రాంతంలో మొదట చూడవలసింది స్త్రీల వైపు. మగవారు వలసపోయిన పల్లెల్లో సంఘాన్ని నిలబెడుతున్నది అక్కచెల్లెళ్లే. అపొల్లోకు దేవుని మార్గం మరింత పూర్తిగా విశదపరచిన ఇద్దరిలో ప్రిస్కిల్ల ఒకరు (అపొ.కా. 18:26). దక్షిణ ఇండియా సంఘం 2013లో ఎగ్గోని పుష్పలలిత గారిని నంద్యాల బిషప్‌గా అభిషేకించింది. సి.ఎస్.ఐ.లో ఆమే తొలి మహిళా బిషప్. అంత పెద్ద బాధ్యత స్త్రీ మోయగలిగినప్పుడు, వాడలో ప్రార్థన కూడిక నడిపే అక్కకు వాక్యం నేర్పడానికి మనకెందుకు వెనుకాట?

మేము కాపరులకు చెప్పేదొకటే. ఊరికి ఇద్దరిని ఎన్నుకోండి. ఇంటి దర్శనానికి, ఆసుపత్రికి, సమాధి కార్యక్రమానికి వారిని వెంట తీసుకువెళ్లండి. నెలకొక సాయంత్రం వారితో కూర్చుని వాక్యం చదవండి. బీడీల పని, మగ్గం పని ముగిసే వేళ చూసి ఆ కూడిక పెట్టండి. సంఘం లెక్కలు దాచకుండా చూపించండి. గల్ఫ్‌కు వెళ్లే సహోదరుణ్ణి ప్రార్థనతో సాగనంపి, అక్కడి లేబర్ క్యాంపులో తోటివారికి ఓదార్పుగా ఉండే బాధ్యత అప్పగించండి. వలసను నష్టంగానే చూడకండి. హింసలో చెదిరినవారే అంతియొకయలో సంఘాన్ని మొలిపించారు (అపొ.కా. 11:19-21).

యెహోషువ చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. మోషే అతణ్ణి సిద్ధం చేశాడు గాని, అతడు తన తరువాత ఎవరినైనా సిద్ధం చేసినట్టు బైబిలులో కనబడదు. ఆ తరం గతించాక యెహోవాను ఎరుగని మరో తరం పుట్టింది (న్యాయాధి 2:10). ఒక్క తరం దాటితే చాలు, విశ్వాసం చేజారడానికి! అందుకే పౌలు తిమోతికి తాను నేర్పినది నమ్మకమైనవారికి, వారు ఇతరులకు అందించాలని ఆదేశించాడు (2 తిమోతి 2:2). వచ్చే ఆదివారం కానుక ఎంత వచ్చిందో లెక్కపెట్టేటప్పుడు, ఈ ఏడాది ఎందరు నాయకులు తయారయ్యారో కూడా లెక్కపెడదాం. మంద మనది కాదు, ప్రభువుది. ఆయన పిలిచినవారికి దారి ఇవ్వడమే మన పరిచర్య.