దుర్మార్గుడు లేని ఇల్లు

1907లో లండన్‌లో ‘ఫాదర్ అండ్ సన్’ అనే పుస్తకం వచ్చింది. మొదటి ముద్రణ మీద రచయిత పేరు లేదు. రాసింది ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు. ఇంగ్లండ్ పూలూ పిట్టలూ మానేసి నీ దేశం గురించి రాయమని మన హైదరాబాదు సరోజినీ నాయుడికి చెప్పింది ఈయనే. కఠినమైన మతశాఖల్లో పెరిగినవాళ్ల జ్ఞాపకాలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి. వాటికంటే ముందు దీన్ని చదవమంటాను. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు, అయినా పిల్లవాడికి ఊపిరాడదు.

గాస్ తల్లిదండ్రులు ప్లిమత్ బ్రదరన్ విశ్వాసులు. వారికి పాస్టరు ఉండడు. ఆదివారం విశ్వాసులే కూడి రొట్టె విరుస్తారు. ప్రభువు రాకడ ఏ రోజైనా కావచ్చు. ఈ శాఖ మనకు కొత్తది కాదు. దాని తొలి నాయకుల్లో ఒకరైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే నరసాపురంలో పని మొదలుపెట్టారు. అలాగని బ్రదరన్ ఇళ్లన్నీ గాస్ ఇంటిలా ఉంటాయని అనుకోకూడదు.

ఆ ఇంట్లో కథల పుస్తకాలు లేవు. జరగనిది చెప్పడం పాపమని తల్లి నమ్మకం. ‘అనగనగా ఒక రాజు’ అన్న మాటే చెవిన పడని బాల్యం అది. ఎడ్మండ్‌కు ఏడేళ్లప్పుడు, 1857లో, ఆమె క్యాన్సర్‌తో పోయింది. క్రిస్మస్ పండగంటే తండ్రికి విగ్రహారాధనతో సమానం. ఆ ఏడాది పనివాళ్లు చాటుగా పుడ్డింగ్ చేసుకుని పిల్లాడికీ ఒక ముక్క పెట్టారు. కడుపునొప్పి వచ్చింది, భయం పట్టుకుంది. విగ్రహాలకు అర్పించింది తిన్నానని ఏడ్చాడు. తండ్రి మిగిలిన పుడ్డింగ్‌ను తీసుకెళ్లి బూడిదకుప్పలో కలిపేశాడు.

అంతకుముందే ఒకసారి ఎడ్మండ్, విగ్రహారాధన చేస్తే దేవుడు శిక్షిస్తాడో లేదో చూద్దామని కుర్చీకి మొక్కాడు. ఏమీ కాలేదు. దేవుడి మీద నమ్మకం పోలేదు గానీ, దేవుడి మనసు నాన్నకు తెలుసన్న నమ్మకం సడలింది. నా దృష్టిలో పుస్తకమంతా ఈ ఒక్క ఘట్టంలోనే ఉంది.

ఆ తండ్రి, ఫిలిప్ హెన్రీ గాస్, పేరున్న ప్రకృతి శాస్త్రవేత్త. ఇళ్లలో అక్వేరియం పెట్టుకునే సరదాను ఇంగ్లండ్‌లో వ్యాపింపజేసినవాడు. డెవన్ తీరంలో రాళ్ల మధ్య నీటిగుంటల్లోని జీవులను కొడుక్కి ప్రేమగా చూపించినవాడు. శిలాజాలతో సహా, పాతబడినట్టు కనిపించే భూమినే దేవుడు ఒక్కసారిగా సృష్టించాడని 1857లో ‘ఓంఫలోస్’ రాశాడు. శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు, భక్తులూ మెచ్చలేదు. భార్య పోయిన ఏడాదే ఈ దెబ్బ. ఇక మిగిలింది కొడుకు ఆత్మ. పదేళ్లకే పెద్దవాళ్లతో సమానంగా బాప్తిస్మం ఇప్పించాడు. పదిహేడేళ్లకు లండన్‌లో ఉద్యోగానికి వెళితే, విశ్వాసం ఎలా ఉందంటూ వెనకే ఉత్తరాలు. ఆ ఉత్తరాల్లో ఉన్నది అధికారం కాదు, కొడుకు నరకానికి పోతాడేమోనన్న నిజమైన బెంగ. కోపిష్ఠి తండ్రినైతే ఎదిరించవచ్చు. ఇలా ప్రేమించే తండ్రికి ఎదురుచెప్పడం ఎంత కష్టమో ఈ పుస్తకం చెప్పినంత బాగా మరెక్కడా చదవలేదు.

ఇది కొడుకు వైపు కథేనన్నది మరవకూడదు. తండ్రి అంత కఠినుడు కాడని ఆన్ థ్వెయిట్ 2002లో రాసిన ఆయన జీవితచరిత్ర చూపించింది. గాస్ కూడా చివరి మాటలు పూర్తిగా తనవే చేసుకోలేదు. తండ్రి రాసిన ఒక సుదీర్ఘమైన ఉత్తరాన్ని ముగింపులో అచ్చు వేశాడు.