పదేళ్ల నియమం... పదిహేను రోజుల స్టాంపు!

బతికుండగా స్టాంపు రాదు. కన్నుమూశాక సాధారణంగా పదేళ్లు నిండాలి. అప్పుడైనా తేదీ కుదరాలి: నూరో జయంతి, లేదా 10, 25, 50, 100వ వర్ధంతి. మహనీయుల స్మారక స్టాంపులకు మన తపాలా శాఖ పాటించే కొలత స్థూలంగా ఇది. ఆ కొలతకు ఒదిగినవాళ్లు, దాన్ని దాటినవాళ్లు, అది పుట్టకముందే రికార్డు కొట్టినవాళ్లు... అందరూ ఇక్కడే!

అతి పాతది: గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ఏలుబడి కింద ఉండేవి. ఆ నిజాం రాజ్యపు తొలి స్టాంపు 1869 నాటిది. రెండేళ్లకే, 1871లో, తెలుగు అక్షరాలు స్టాంపెక్కాయి. ఒకే చిన్న కాగితంపై నాలుగు భాషలు!

అతి వేగం: పదవిలో ఉండగా కన్నుమూసిన ప్రధానులు ముగ్గురు. ఇందిరా గాంధీ స్టాంపుకు 19 రోజులు పట్టింది. నెహ్రూకు 16. కిరీటం లాల్ బహదూర్ శాస్త్రిది! 1966 జనవరి 11న మరణం, జనవరి 26న స్టాంపు. సరిగ్గా 15 రోజులు. ఊళ్లో పదకొండో రోజు దినం ముగిసి నాలుగు రోజులైందో లేదో, స్టాంపు పోస్టాఫీసుకు చేరింది.

అతి ఖరీదు: గాంధీజీ హత్య జరిగిన 198 రోజులకు, 1948 ఆగస్టు 15న, నాలుగు స్టాంపులు వచ్చాయి. చిన్నది అణాన్నర, పెద్దది 10 రూపాయలు. అంటే 106 రెట్లు పైమాటే! ప్రభుత్వ వాడకం కోసం ‘సర్వీస్’ అని అచ్చేసిన 10 రూపాయల స్టాంపులు నాలుగు కలిసి ఉన్న వరుస 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది.

అతి పెద్ద వయసు: నూరేళ్లు నిండిన రోజునే తన స్టాంపు తానే చూసుకున్న ఘనుడు సంఘ సంస్కర్త ధోండో కేశవ్ కర్వే. 1958 ఏప్రిల్ 18న వచ్చిందది. ఆ తర్వాతా నాలుగేళ్లు బతికారు!

కట్టడం ముందు, కట్టించిన బుర్ర తర్వాత: 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు రక్షణ ప్రణాళిక గీసింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆ ప్రణాళికలో పుట్టిన ఉస్మాన్ సాగర్ 1931లోనే నిజాం స్టాంపు మీదికెక్కింది. ఇంజినీరు వంతు 1960 సెప్టెంబరు 15న వచ్చింది. చెరువుకూ మనిషికీ తేడా 29 ఏళ్లు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు!

పదవి దిగుతూ స్టాంపెక్కినవారు: రాష్ట్రపతి వి.వి. గిరి. పదవీ విరమణ 1974 ఆగస్టు 24. స్టాంపూ అదే రోజు!

అతి వింత జట్టు: 1972 అక్టోబరు 16న ఒకే విడతలో నలుగురు. వారిలో మన వేమన, మన టంగుటూరి ప్రకాశం, పక్కనే ఇంగ్లండు తత్త్వవేత్త బెర్ట్రండ్ రసెల్. వేమన పోయి శతాబ్దాలు. రసెల్ పోయి రెండేళ్లు!

తెలుగువారి రద్దీ ఏడాది: 2000. మార్చిలో ఇద్దరు, మేలో ఒకరు. కల్వకుర్తి తాలూకా పడకల్‌లో పుట్టి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావుకు మరణించిన 32 ఏళ్లకు స్టాంపు. పొట్టి శ్రీరాములుకు 47 ఏళ్లకు. 1989లో అదే కల్వకుర్తిలో ఓటమి చూసిన ఎన్.టి. రామారావుకు నాలుగేళ్ల నాలుగు నెలలకే!

దీర్ఘ నిరీక్షణ: అన్నమయ్య పరమపదించింది 1503లో, స్టాంపు 2004లో. 501 ఏళ్లు! శాస్త్రి 15 రోజుల పక్కన పెట్టి చూడండి.

భారీ ముద్రణ: అమెరికాలో ఇప్పటి నియమం మూడేళ్లే, మన పదేళ్లలో మూడో వంతుకూ తక్కువ. అక్కడి గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1977లో పోతే 1993లో వచ్చిన స్టాంపు 50 కోట్లకు పైగా అచ్చయింది. 2011 జనాభా లెక్కల తెలంగాణలో తలకు 14 చొప్పున పంచవచ్చు!

అతి సులభం: బతికున్నవాళ్లకూ దారి ఉంది. 2011లో మొదలైన ‘మై స్టాంప్’లో 300 రూపాయలు కడితే మీ ఫొటోతో 12 స్టాంపుల షీటు. నిరీక్షణ పదేళ్లు కాదు, దరఖాస్తు పెట్టినంతసేపు!

ఒక్కరై వందల మందిని నిలబెట్టినవారు: సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల సీమ ఇటిక్యాలపాడు ఆయన ఊరు, 1952లో శాసనసభకు పంపింది వనపర్తి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు 1934లో జవాబిచ్చారు. ఒకే సంచిక, 354 మంది కవులు! ఆయన పుట్టిన మే 28నే ఎన్టీఆర్ పుట్టారు, ఎన్టీఆర్ స్టాంపూ అదే తేదీన వచ్చింది. 1953 ఆగస్టు 25న సురవరం కన్నుమూశారు. నియమం లెక్కన ఆయనకు తర్వాతి సందర్భం నూరో వర్ధంతి, 2053 ఆగస్టు 25. ఆ రోజు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి కదిలే ప్రతి ఉత్తరం మీదా ఆయన బొమ్మే ఉండాలి!