చేపల కయాక్‌కు చుక్కాని బిగించవలెనా?

దిక్కు తోచని సంసారాన్ని చుక్కాని లేని నావ అనడం మన వారికి అలవాటు. ఆ మాట వింటూ పెరిగినందువలననే కాబోలు, నీటి మీద తేలే ప్రతి వస్తువుకూ వెనుక ఒక చుక్కాని ఉండి తీరవలెనని మనకు గట్టి నమ్మకం. బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో గది అద్దెకు తీసుకొని కొలువు చేసుకుంటున్న కుమారుడు ఒక శనివారం చేపల కయాక్‌ను మోసుకొని ఊరికి వస్తాడు. చెరువు కట్ట మీద చేరిన పెద్దలు దాని చుట్టూ తిరిగి చూసి మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనికి చుక్కాని ఏదిరా?"

ప్రశ్న సబబైనదే. జవాబు మాత్రం పడవను బట్టి, నీటిని బట్టి, గాలిని బట్టి మారుతుంది.

హొసూరు రోడ్డుకూ సర్జాపుర రోడ్డుకూ మధ్య వెలసిన బస్తీ కనుక ఆ లేఅవుట్‌కు హెచ్‌ఎస్‌ఆర్ అన్న పొడి అక్షరాల పేరు వచ్చింది. కుప్పం, హొసూరు, బాగేపల్లి పరిసరాల నుండి వెళ్ళిన తెలుగు యువకులు అక్కడ చాలామంది కనిపిస్తారు. లేఅవుట్ అంచున అగర చెరువు ఉన్నది. అయితే అది ఉదయం పూట నడకకు వచ్చే వారి చెరువే కానీ సొంత పడవలు దింపుకొనే చోటు కాదు. అగర నుండి పొర్లిన నీరు బెళ్ళందూరు చెరువుకూ, అక్కడి నుండి వర్తూరుకూ, ఆపై దక్షిణ పినాకినికీ చేరి హొసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయంలో పడుతుంది. బెళ్ళందూరు చెరువు మీద 2018 జనవరిలో మంటలు రేగిన సంగతీ, కెలవరపల్లి దగ్గర తెల్లని నురగ గుట్టలుగా పేరుకున్న సంగతీ పాఠకులు ఎరిగినవే. అటువంటి నీటిలో గాలం వేసి పట్టిన చేపను ఇంటికి తేవడం ఎవరికీ మంచిది కాదు. కనుకనే నగరంలో కొన్న కయాక్ మన పల్లె చెరువులను వెదుక్కుంటూ వస్తున్నది. (2022 సెప్టెంబరు వానలకు ఆ చుట్టుపక్కల వీధులలోనే జనాన్ని పడవలలో, ట్రాక్టర్లలో తరలించిన దృశ్యం చూసిన వారు, అక్కడ పడవ కొనడంలో వింత లేదని హాస్యమాడవచ్చు. అది వేరే కథ.)

గడచిన ఆషాఢంలో మా ఎరుకలోని ఒక ఇంట జరిగిన విషయం చెబుతాను. అబ్బాయి కొన్నది గాలి నింపి వాడుకొనే రకం కయాక్. పొడవు సుమారు 3 మీటర్లు. మధ్యాహ్నం మూడు గంటలకు చెరువులో దిగి, తూము దాటి ఎదురు ఒడ్డున జమ్ము దగ్గర గాలం వేస్తూ కూర్చున్నాడు. నాలుగున్నరకు పడమటి గాలి లేచింది. అతడు రావలసిన దారి గాలికి అడ్డంగా ఉన్నది. ఎన్నిసార్లు తెడ్డు వేసినా పడవ ముక్కు గాలి వైపే తిరిగిపోతున్నది. ఒక చేతి వైపే తెడ్డు వేసి వేసి భుజం పట్టేసింది. కాస్త ఆగితే పడవ గాలివాటున కొట్టుకొని పోతున్నది. చివరికి దూరాన కట్ట మలుపులో గుర్రపు డెక్కలో చిక్కి, నడుములోతు బురదలో పడవను ఈడ్చుకుంటూ చీకటి పడ్డాక ఒడ్డెక్కాడు. ఇంట తల్లి టార్చిలైటు పట్టుకొని కట్ట మీద అటూ ఇటూ తిరుగుతున్నది. ఆ రాత్రి ఇంట్లో అందరూ కలిసి చేసిన తీర్మానం, వెంటనే చుక్కాని తెప్పించి బిగించవలెనని.

తప్పు ఎక్కడ జరిగిందో ముందు చూడాలి. పడవ ముందుకు సాగేటప్పుడు ముక్కు నిశ్చలమైన నీటిని చీల్చుకొని పోతుంది. ఆ నీటి ఒత్తిడి ముక్కును ఇరువైపులా గట్టిగా పట్టి ఉంచుతుంది. వెనుక కొన మాత్రం అప్పటికే కదిలి వదులైన నీటిలో ఉంటుంది. పక్క నుండి గాలి తగిలినప్పుడు పట్టు ఉన్న ముక్కు నిలుస్తుంది, పట్టు లేని వెనుక భాగం గాలివాటుకు జారుతుంది. ఫలితంగా పడవ మొత్తం గాలికి ఎదురు తిరుగుతుంది. గోపురాల మీది గాలికోడి గాలికి ముఖం పెట్టడం వంటిదే ఇది. పడవ ఎంత తేలికగా, నీటి పైకి ఎంత ఎత్తుగా ఉంటే ఈ గుణం అంత ఎక్కువ. గాలి నింపే కయాక్‌లు రెండు విధాలా ఇందుకు అనువైనవి.

దీనికి మందు వెనుక కొనకు నీటిలో పట్టు కల్పించడం. బాణం తోకకు ఈకలు కట్టేది ఎందుకో, కయాక్ అడుగున వెనుక వైపు ఒక నిలువు రెక్కను తగిలించేదీ అందుకే. గాలి నింపే కయాక్‌లకు చాలావాటికి ఈ రెక్క పెట్టెలోనే వస్తుంది. తొడిగి, తీసే వీలుంటుంది. మన అబ్బాయి దానిని ఏదో అదనపు ప్లాస్టిక్ ముక్క అనుకొని హెచ్‌ఎస్‌ఆర్ గదిలో మంచం కింద వదిలి వచ్చాడు! పైగా గాలాల పెట్టెను, లంగరును ముక్కు వైపు పెట్టుకున్నాడు. బరువు ముందుకు పోయినకొద్దీ ముక్కు మరింత లోతుగా నాటుకుంటుంది, వెనుక కొన మరింత పైకి లేస్తుంది. గాలి పని ఇంకా సులువవుతుంది. మరుసటి వారం రెక్క తొడిగి, పెట్టెను వీపు వెనుకకు మార్చి అదే చెరువులో అదే గాలికి దిగితే పడవ చెప్పిన మాట విన్నది. చుక్కాని కొనవలసిన పని పడలేదు.

చుక్కానికీ రెక్కకూ భేదం ఇక్కడే ఉన్నది. రెక్క కదలదు, పడవను తిన్నగా ఉంచడమే దాని పని. చుక్కాని కాళ్ళ దగ్గరి పెడళ్ళకు తీగలతో కలిపి ఉంటుంది, కావలసిన వైపుకు తిరుగుతుంది. చుక్కాని అంటే పడవను మలుపు తిప్పే సాధనమని చాలామంది తలపు. పొట్టి కయాక్‌ను తిప్పడానికి తెడ్డు చాలు. పడవ మీద పక్కగాలి తోపును సరిదిద్ది, రెండు చేతులకూ సమానమైన పని మిగల్చడమే కయాక్‌లో చుక్కాని చేసే అసలు ఉపకారం. ఎక్కువగా తిప్పి పట్టిన చుక్కాని నీటిని అడ్డుకొని వేగాన్ని తగ్గిస్తుందని కూడా తెలుసుకోవాలి.

మన పూర్వులు దీనిని ఎరగని వారు కాదు. హొగెనకల్ దగ్గర కావేరి మీద నేటికీ తిరిగే పుట్టికి ముక్కూ లేదు, తోకా లేదు, చుక్కానీ లేదు. ఒక్క తెడ్డుతో దానిని ఎటు కావాలంటే అటు నడుపుతారు. కోరమండల్ తీరంలో అలలను దాటిన మసూలా పడవలను వెనుక నిలిచిన మనిషి పొడవైన తెడ్డుతోనే మళ్ళించేవాడు. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్ళు సీలు తోలుతో కట్టిన తొలి కయాక్‌లకు సైతం చుక్కాని లేదు.

ఇక మన చెరువుల సంగతి. కొర్రమీను కోసం వెళ్ళేవాడు కలువ తూళ్ళలోకి, జమ్ములోకి, గుర్రపు డెక్క సందులలోకి దూరక తప్పదు. అక్కడ చుక్కాని పలక ప్రతి పది గజాలకూ నాచును, తీగలను చుట్టుకుంటుంది. తాడు లాగి పలకను పైకి ఎత్తే ఏర్పాటు ఉన్నా, ఎత్తడమూ దించడమూతోనే పొద్దు గడుస్తుంది. వేసవిలో నీరు తగ్గిన చెరువులో పలక అడుగును తాకుతుంది. నీట మునిగిన తుమ్మ మొద్దులు సరేసరి. గాలానికి చిక్కిన పెద్ద చేప పడవ కిందుగా పరుగెత్తినప్పుడు దారం చుక్కానికి మెలిపడితే చేపా పోతుంది, దారమూ పోతుంది. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది: జాలరులు కట్టిన వలకు చుక్కాని తగులుకొని చినిగితే, ఆ నష్టం బతుకుదెరువు మీద పడుతుంది. సరదాకు వచ్చిన పడవ కారణంగా ఊళ్ళో తగవు రావడం ఎవరికి ఇష్టం?

అయితే చుక్కాని నిజంగా అక్కరకు వచ్చే సందర్భాలు లేకపోలేదు. కృష్ణగిరి వంటి విశాలమైన జలాశయంలో, గాలికి అడ్డు లేని చోట, కిలోమీటర్ల దూరం పోయి రావలసిన వారికి అది శ్రమ తగ్గిస్తుంది. 4 మీటర్లకు మించిన పొడవైన గట్టి కయాక్ తెడ్డుకు సులువుగా తిరగదు కనుక దానికి ఉంటే మేలు. వాలుగ వంటి చేప కోసం ఎరను నీటిలో ఈడ్చుకుంటూ పోయేవారికీ, గాలివాటున పడవను మెల్లగా సాగనిస్తూ గాలం వేసేవారికీ చేతులు గాలపు కర్ర మీద ఉంటాయి, పాదాలతో దారి దిద్దుకోవచ్చు. కాళ్ళతో తొక్కి నడిపే కయాక్‌కు (హోబీ సంస్థ 1997లో మిరాజ్ డ్రైవ్ పేరిట ఇటువంటి ఏర్పాటును తెచ్చింది) చుక్కాని లేక గడవదు, అది పడవతోనే వస్తుంది.

సందేహం తీరని వారు డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయవచ్చు. జూన్, జులై మాసాలలో సాయంత్రపు గాలి లేచిన వేళ, ఒడ్డుకు దగ్గరగా, గాలికి అడ్డంగా రెండు వందల మీటర్లు తెడ్డు వేయండి. కుడివైపు ఎన్నిసార్లు వేశారో, ఎడమవైపు ఎన్నిసార్లు వేశారో లెక్కించండి. తేడా స్వల్పమైతే ఏమీ చేయనక్కరలేదు. ఒకవైపు రెట్టింపు పడితే బరువును వెనుకకు జరిపి మళ్ళీ చూడండి. తరువాత రెక్క తొడిగి చూడండి. ఈ రెండూ చేసినా భుజం నొప్పి తగ్గకపోతే, అప్పుడు చుక్కాని మాట తలపెట్టవచ్చు.

బిగింపులో జాగ్రత్తలు కొన్ని. గాలి నింపే పడవకు రంధ్రం చేయడం అసాధ్యం కనుక, తయారీదారు ఆ పడవకే చేసిన అమరిక ఉంటే తప్ప ఆ ఊసు వదలాలి. గట్టి ప్లాస్టిక్ కయాక్‌లు పాలిథిలీన్‌తో చేసినవి. ఆ ప్లాస్టిక్‌కు సాధారణ జిగురు ఏదీ గట్టిగా అంటదు. చుక్కాని కోసం ముందే వదిలిన మరల చోట్లు పడవ వెనుక ఉన్నవేమో చూడాలి. లేనిచోట రంధ్రం చేయవలసి వస్తే లోపలి వైపు బిళ్ళ పెట్టి, తుప్పు పట్టని మరలతో బిగించి, నీరు చొరకుండా రబ్బరు వాషరు వేయాలి. పాదాల పెడళ్ళు మొత్తంగా ముందుకూ వెనుకకూ జారే రకమైతే తెడ్డు వేసేటప్పుడు కాళ్ళకు ఆనుడు ఉండదు. అడుగు భాగం నిలకడగా ఉండి వేళ్ళ దగ్గర మాత్రమే కదిలేవి మేలు. తీగ తెగినా, పలక ఒకవైపుకు వంగి బిగుసుకున్నా ఒడ్డు చేరగలగాలి, కనుక చుక్కాని ఎత్తివేసి నడపడం ముందుగా వచ్చి ఉండాలి.

ఇంటివారు చుక్కాని గురించి అడిగే ముందు లైఫ్ జాకెట్ గురించి అడగడం న్యాయం. అది పడవలో కాక ఒంటి మీద ఉండాలి, పట్టీలు బిగించి ఉండాలి. ఈత వచ్చినవాడు సైతం పూడిక మట్టి తవ్విన గుంతలో, తామర తూళ్ళలో చిక్కితే ఈత పనికిరాదు. బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు గాలివాటున రావడం పాత పడవవాళ్ళ పద్ధతి. అలసిన వేళ గాలి ఇంటి వైపు తోస్తుంది. లంగరు తాడును పడవ పక్కకు కట్టరాదు, ముందు కొనకో వెనుక కొనకో కట్టాలి. చాలా చెరువులలో చేపల హక్కు వేలంలోనో, జాలరుల సహకార సంఘానికి కౌలు మీదనో పోయి ఉంటుంది. కౌలుదారుని కలిసి అనుమతి పొందితే, వలలు ఎక్కడ కట్టారో, మొద్దులు ఎక్కడ ఉన్నాయో ఆయనే చూపిస్తాడు.

మన అబ్బాయి రెక్క ఇప్పుడు ఊళ్ళోనే, వసారాలో మేకుకు వేలాడుతున్నది. హెచ్‌ఎస్‌ఆర్‌కు తిరిగి తీసుకుపోవడానికి తల్లి ఒప్పుకోలేదు.