గుర్తింపు కార్డు ఫొటోలతో మొదలైన ప్రయాణం

బడులు తెరిచిన కొత్తలో మనందరికీ తప్పని పని ఒకటుంది. పిల్లల్ని గోడ ముందు వరుసగా నిలబెట్టి గుర్తింపు కార్డులకు ఫొటోలు తీయించడం. అంతవరకూ అల్లరి చేసిన పిల్ల కూడా కెమెరా ముందుకు రాగానే బిగుసుకుపోతుంది.

అమెరికా ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ వృత్తి మొదలైంది ఈ పనితోనే. 1923లో న్యూయార్క్‌లో బట్టల వ్యాపారి ఇంట పుట్టిన ఆయన, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాణిజ్య నౌకాదళంలో చేరి నావికుల గుర్తింపు ఫొటోలు తీశారు. అలా ఎన్ని ముఖాలు చూశారో!

అంతకుముందు ఆయన మనసు కవిత్వం మీద ఉండేది. హైస్కూలు పత్రికకు తోటి విద్యార్థి జేమ్స్ బాల్డ్విన్‌తో కలిసి సంపాదకత్వం వహించారు. బాల్డ్విన్ తర్వాత గొప్ప రచయిత అయ్యారు. 1964లో ఇద్దరూ కలిసి, ఒకరి ఫొటోలు, ఒకరి వ్యాసంతో పుస్తకం తెచ్చారు. బడి పత్రికకు పేజీలు దండగ అనేవారికి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

యుద్ధం తర్వాత ఆయన 'హార్పర్స్ బజార్' పత్రికలో చేరారు. స్టూడియోలో బొమ్మల్లా నిలబడే మోడళ్లను వీధుల్లోకి, కాఫీ హోటళ్లలోకి తీసుకొచ్చారు. 1955లో పారిస్‌లో సర్కస్ ఏనుగుల మధ్య డొవీమా అనే మోడల్‌ను నిలబెట్టి తీసిన ఫొటో ఇప్పటికీ అందరికీ గుర్తే. 1966లో 'వోగ్'కు మారారు.

మాకు మాత్రం 1957లో తీసిన మార్లిన్ మన్రో ఫొటో ఎక్కువ ఇష్టం. ఆ రోజు ఆమె స్టూడియోలో చాలాసేపు ఆడింది, పాడింది, నవ్వింది. అదంతా అయిపోయాక అలసి, చూపు ఎటో పోయిన క్షణంలో తీసిన చిత్రమది. జనం ఎరిగిన తార అందులో లేదు. మెరుపుల గౌనులో అలసిన ఒక మనిషి ఉంది.

1979లో టెక్సాస్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియం ఆయనకు వేరే పని అప్పగించింది. పడమటి రాష్ట్రాల సామాన్యుల్ని ఫొటోలు తీయాలి. గని కార్మికులు, కబేళా పనివాళ్లు, ఊరూరా తిరిగేవాళ్లు, హోటల్లో వడ్డించే అమ్మాయిలు. ఆరేళ్లలో 17 రాష్ట్రాలు తిరిగి 752 మందిని తీశారు. ఆరుబయట నీడపట్టున తెల్ల కాగితం కట్టి, దాని ముందు నిలబెట్టేవారు. పెద్ద కెమెరా వెనక దాక్కోకుండా పక్కనే నిలబడి, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ తీసేవారు. సినిమా తారలకు వేసిన తెల్ల తెరే బొగ్గు మసి అంటిన ముఖానికీ వేశారు.

1985లో ఆ ఫొటోలు ప్రదర్శించినప్పుడు మెచ్చినవాళ్లతో పాటు తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. పేదల కష్టాన్ని కళ పేరుతో వాడుకున్నారని, పడమటి ప్రాంతాన్ని దిగులుగా చూపారని విమర్శ. అందులో కొంత నిజం ఉందనే మాకూ అనిపిస్తుంది. ఒక మనిషిని తన ఊరి నుంచి, పని నుంచి విడదీసి తెల్ల తెర ముందు నిలబెడితే అతని కథ సగం పోతుంది. కానీ ముఖంలో మిగిలిన ఆ సగాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు తక్కువ.

'ఫొటోలు తీస్తే తిండి పెడుతుందా మాస్టారూ' అని అడిగే తల్లిదండ్రులు మనకు కొత్త కాదు. అందరికీ అవెడాన్ దశ పట్టదు, నిజమే. కానీ ఆయనకు పని దొరకని రోజు రాలేదు. 1992లో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, 'న్యూయార్కర్' పత్రిక తన మొట్టమొదటి ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా తీసుకుంది. 2004 అక్టోబరు 1న టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో కన్నుమూసేనాటికి, ఎన్నికల ఏడాది అమెరికా ముఖాల్ని అదే పత్రిక కోసం తీస్తూనే ఉన్నారు.