ఇంట్లో కోడిపిల్లలు పెంచుతున్నారా? చిన్నపిల్లలుంటే ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

ఎండాకాలం సెలవులొస్తే చాలు.. వీధిలో రంగురంగుల కోడిపిల్లల బుట్ట కనిపించగానే పిల్లలు కొనిపెట్టమని మారాం చేస్తారు. సరే కదా అని కొనిస్తే రెండు మూడు రోజులకే ఒక్కొక్కటిగా చనిపోతుంటాయి. పిల్లలేమో ఏడుపు. కడప జిల్లా ఖాజీపేట లాంటి ఊళ్లలో ఇంటి వెనకాల కాస్త జాగా ఉన్న కుటుంబాలకు కోళ్ల పెంపకం కొత్తేమీ కాదు. కానీ ఇంట్లో పసిపిల్లలుంటే రెండు ప్రాణాల గురించి ఆలోచించాలి. ఒకటి కోడిపిల్లది, రెండోది మన బిడ్డది.

రంగు పిల్లలు ఎందుకు బతకవు?

వీధుల్లో అమ్మే రంగు పిల్లల్లో ఎక్కువ శాతం గుడ్ల కోళ్ల జాతుల్లో పుట్టిన మగ పిల్లలే. అవి గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా పెరగవు. అందుకే హేచరీలు వాటిని వద్దనుకుని తక్కువ ధరకు వదిలించుకుంటాయి. తల్లి రెక్కల కింద వెచ్చదనం లేక, ప్రయాణంలో నలిగి, నీరసించి చనిపోతాయి.

పెంచాలనుకుంటే నాటు కోడినే పొదగేయడం మంచిది. 21 రోజుల్లో పిల్లలొస్తాయి, తర్వాత తల్లే చూసుకుంటుంది. లేదంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలున్నాయి. గుడ్ల కోసమైతే గ్రామప్రియ బెటర్. అయితే వీటిని తల్లి లేకుండానే తెచ్చుకుంటాం కాబట్టి ఆ వెచ్చదనం మనమే ఇవ్వాలి.

మొదటి నెలే కీలకం

- మొదటి వారం పిల్లలకు దాదాపు 35 డిగ్రీల వేడి కావాలి. ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి.
- అట్టపెట్టెలో ఎల్‌ఈడీ బల్బు పెడితే లాభం లేదు, దాని నుంచి సరిపడా వేడి రాదు. పాతకాలం ఫిలమెంట్ బల్బే కావాలి. అట్టకు, ఊకకు తగలకుండా గట్టిగా కట్టాలి. లేదంటే నిప్పంటుకుంటుంది.
- పిల్లలన్నీ బల్బు కింద గుంపుగా చేరితే చలి వేస్తున్నట్టు. దూరంగా పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. కడప ఎండల్లో పగలు బల్బు ఆపేసి నీడ, గాలి చూడాల్సి రావచ్చు.
- కింద వరి ఊక గానీ వేరుశనగ పొట్టు గానీ పరవాలి. నున్నటి పేపర్ మీద కాళ్లు జారి వంకరపోతాయి.
- నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయాలి. లేదంటే మునిగిపోతాయి.
- ఒట్టి నూకలు సరిపోవు. మొదటి కొన్ని వారాలు పిల్లల దాణా పెట్టాలి.

కొక్కెర తెగులు వస్తే పెరడంతా ఖాళీ అయిపోతుంది. దానికి మొదటి వారంలోనే లసోటా చుక్కలు వేయించాలి. మిగతా టీకాల కోసం రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడగొచ్చు, 1962 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది.

అసలు భయం ఎక్కడ?

చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న కోడిపిల్ల రెట్టలోనూ సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. అది ఈకలకు, కాళ్లకు కూడా అంటుకుంటుంది. పిల్లలు పట్టుకుని, ముద్దుపెట్టుకుని, అదే చేతిని నోట్లో పెట్టుకుంటే జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అందుకే ఐదేళ్లలోపు పిల్లలు కోడిపిల్లలను అసలు ముట్టుకోకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ చెబుతోంది.

బర్డ్ ఫ్లూ సంగతి మరింత సీరియస్. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని కోళ్ల ఫారాల్లో ఈ వ్యాధి బయటపడింది. ఆ మరుసటి నెలలోనే పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ అది బర్డ్ ఫ్లూనే అని నిర్ధారించింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. ఇలా మనుషులకు సోకడం చాలా అరుదు. బాగా ఉడికించిన మాంసం, గుడ్లతో భయం లేదు. కానీ పచ్చి మాంసం, జబ్బు కోళ్లు పిల్లల చేతికి అందకూడదు.

ఏ వయసు పిల్లలకు ఏ పని?

- ఐదేళ్లలోపు: దూరం నుంచి చూడటం, లెక్కపెట్టడం, పేర్లు పెట్టడం వరకే.
- ఐదు దాటాక: పెద్దవాళ్ల ముందు గింజలు వేయడం, నీళ్లు పోయడం.
- పదేళ్లు దాటాక: గుడ్లు ఏరడం, గంప మూయడం. రెట్టలు ఎత్తే పని మాత్రం పెద్దవాళ్లదే.

పని ఏదైనా సరే, కోళ్ల దగ్గరి నుంచి రాగానే 20 సెకన్ల పాటు సబ్బుతో చేతులు కడగాల్సిందే. పెట్టెను వంటగదిలో పెట్టొద్దు. పెరట్లోకి వేసుకెళ్లిన చెప్పులు బయటే విడవాలి.

ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే కోసి వండుకోవద్దు, కాలువలో పారేయొద్దు. వెంటనే పశువైద్యులకు చెప్పాలి. బిడ్డకు జ్వరమో, విరేచనాలో వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తే 'ఇంట్లో కోళ్లున్నాయి' అని డాక్టర్‌కు ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయాలో డాక్టర్‌కు త్వరగా తెలుస్తుంది.