కంప్యూటరు ఫ్యాక్స్ – చిరునామా పుస్తకం

కాళిదాస మహాకవి రచించిన ‘మేఘసందేశం’లో యక్షుడు తన సందేశాన్ని ముందుగా చెప్పడు. రామగిరి నుండి అలకానగరం వరకు గల మార్గాన్ని మేఘునికి వివరిస్తాడు. తన ఇంటి గుర్తులు తెలుపుతాడు. ఆ తరువాతనే చెప్పదలచిన మాటను వినిపిస్తాడు. గమ్యం తెలియని దూతకు ఎంత విలువైన సందేశాన్ని అప్పగించినా అది వ్యర్థమే గదా! కంప్యూటరు ద్వారా ఫ్యాక్స్ పంపే విధానానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

‘ఫాక్సిమిలి’ అనే పదానికి సంక్షిప్త రూపం ఫ్యాక్స్. ప్రతిరూపమని దీని అర్థం. స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే ఇట్టి యంత్రానికి పేటెంటు పొందాడు. టెలిఫోనుకు గ్రాహంబెల్ పేటెంటు పొందినది 1876లో. అనగా ఫ్యాక్స్ అనే భావన టెలిఫోను కంటె పాతది.

ఫ్యాక్స్ యంత్రం అక్షరాలను చదవదు. కాగితాన్ని సన్నని అడ్డు వరుసలుగా, ఒక్కొక్క వరుసను 1728 చుక్కలుగా విభజించి, ఏది నలుపో ఏది తెలుపో గుర్తిస్తుంది. ఆ సమాచారాన్ని మోడెం ధ్వని సంకేతాలుగా మార్చి టెలిఫోను తీగపై పంపుతుంది. అందుకే తెలుగైనా, సంతకమైనా, చిత్రమైనా దానికి ఒక్కటే.

కంప్యూటరులో ఈ పని జరగాలంటే మూడు సాధనాలు కావాలి: ఫ్యాక్స్ మోడెం, టెలిఫోను లైను, సాఫ్ట్‌వేర్. బ్రాడ్‌బ్యాండు మోడెం ఉన్నంత మాత్రాన ఫ్యాక్స్ వెళ్ళదు; రెండూ వేర్వేరు. ఉదాహరణకు 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో ఫ్యాక్స్ విభాగాన్ని విడిగా చేర్చుకోవలసి ఉండేది. అది మొదట పంపేవారి పేరు, సంస్థ, నంబరు అడిగేది. ఆ తరువాత అవతలి యంత్రంపై కనిపించవలసిన గుర్తింపును కోరేది. వచ్చే ఫ్యాక్స్‌ను ఎన్ని గంటలు మోగిన పిదప స్వీకరించాలో కూడా నిర్ణయించుకోవచ్చు. ఇవి పూర్తయిన పిమ్మట ‘ఫ్యాక్స్’ ఒక ప్రింటరువలె కనిపిస్తుంది. లేఖను దానికి ప్రింట్ ఇస్తే చాలు, కాగితం లేకుండానే ప్రయాణం మొదలవుతుంది.

ఇక అసలు జాగ్రత్త చిరునామా పుస్తకంలో ఉంది. ఇందులో ఒకే వ్యక్తి పేరు కింద ఫోను, ఫ్యాక్స్, ఈ-మెయిల్ వివరాలకు వేర్వేరు గడులు ఉంటాయి. ఫ్యాక్స్ నంబరును ఫోను గడిలో వ్రాస్తే సాఫ్ట్‌వేర్ దానిని గుర్తించదు. నంబరును దేశసంకేతంతో నమోదు చేయడం ఉత్తమం. హైదరాబాదు కోడు 040 అయినా, 91 చేర్చినప్పుడు ముందున్న సున్నను తొలగించి 91-40 అని వ్రాయాలి. కార్యాలయంలో బయటి లైను కొరకు నొక్కవలసిన అంకెను పుస్తకంలో కాక డయలింగు నియమాలలో పొందుపరచాలి. లేనిచో లైను మారినప్పుడు నంబర్లన్నింటినీ సవరించవలసి వస్తుంది.

ఈ-మెయిల్‌తో అనుసంధానం మరొక సౌకర్యం. ఫ్యాక్స్ సర్వరు ఉన్న కార్యాలయాలలో, వచ్చిన పుటను చిత్రరూపంలో భద్రపరచి సంబంధిత ఉద్యోగి ఈ-మెయిల్‌కు పంపే ఏర్పాటు చేయవచ్చు. అయితే ‘విజయవంతంగా పంపబడింది’ అన్న నివేదిక పుట యంత్రాన్ని చేరిందని మాత్రమే తెలుపుతుంది. మనిషి చదివాడని కాదు.

ఒక్క అంకె తప్పితే రోగి వైద్య నివేదిక అపరిచితుల చేతికి చేరవచ్చు. కోర్టు కాగితం గడువులోగా అందకపోవచ్చు. తప్పు యంత్రానిది కాదు, నమోదు చేసిన చేతిది. కనుక కొత్త నంబరును చేర్చిన వెంటనే ముందుగా ఒక పరీక్ష పుట పంపి, అందినట్లు ఫోనులో నిర్ధారించుకోవాలి.

కాలం మారింది. ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్య సేవా సంస్థలు కొత్త ఫ్యాక్స్ యంత్రాలు కొనరాదని 2018 డిసెంబరులో ఆదేశం వెలువడింది. అనేక కార్యాలయాలలో ఈ-మెయిల్ ఆ స్థానాన్ని ఆక్రమించింది. సాధనాలు మారినా, పంపేవాని బాధ్యత మారదు. పంపే మీటను నొక్కేముందు చిరునామాను మరొకసారి చదవడం ఆ బాధ్యతలో మొదటిది.