క్వార్టర్ సీసా లెక్క

తమిళనాడు ప్రభుత్వం నడిపే టాస్మాక్ మద్యం దుకాణాల్లో దొరికే క్వార్టర్ సీసాలో 180 మిల్లీలీటర్ల మందు ఉంటుంది. బ్రాందీ అయినా రమ్ము అయినా అందులో ఆల్కహాలు 42.8 శాతం, అంటే సుమారు 61 గ్రాములు. 75 కిలోల మగమనిషి దాన్ని గబగబా ఖాళీ చేస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు రమారమి 120 మిల్లీగ్రాములకు చేరుతుంది. అదే సీసా 45 కిలోల పదిహేనేళ్ల కుర్రాడి కడుపులో పడితే 200 దగ్గరికి వెళ్తుంది. బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 30.

మోతాదు ఒకటే అయినా కుర్రాడికి మత్తు ఎక్కువ. చిక్కేమిటంటే, ఆ సంగతి వాడికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ విషయం బయటపడింది. కౌమారంలో ఉన్న ఎలుకలు ఎదిగిన ఎలుకల కన్నా ఎక్కువ ఆల్కహాలు తట్టుకున్నాయి. తొందరగా తూలలేదు, నిద్రలోకి జారలేదు. జ్ఞాపకశక్తి మాత్రం వాటికే ఎక్కువ దెబ్బతింది. ‘ఇక చాలు’ అని ఒంటికి తోచే ఘడియ వెనక్కి జరిగితే ఇంకో గ్లాసు పడుతుంది. పైగా తొందరపాటుకు కళ్లెం వేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది.

పక్కన స్నేహితులుంటే ఆ కళ్లెం మరీ వదులవుతుంది. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు 306 మంది చేత కంప్యూటర్ మీద కారు నడిపించే ఆట ఆడించారు. తోటివాళ్లు చూస్తుండగా 13–16 ఏళ్ల పిల్లల తెగింపు బాగా పెరిగింది. 24 దాటినవాళ్లు ఒంటరిగా ఎలా ఆడారో అందరి ముందూ దాదాపు అలాగే ఆడారు.

ఇక ఇల్లు. తాగుడుకు బానిసయ్యే ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యమని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మిగతా సగంలో పెంపకం, పరిసరాలు, చేతిలో ఆడే డబ్బు అన్నీ కలుస్తాయి. ‘బయట తాగి చెడిపోయే కన్నా మన కళ్లముందే కాస్త రుచి చూడనీ’ అనుకునే తండ్రులు అన్నిచోట్లా ఉన్నారు. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లలను ఆరేళ్లపాటు గమనించిన పరిశోధన 2018లో వెలువడింది. తల్లిదండ్రులు పోసివ్వడం వల్ల పిల్లలకు ఏ రక్షణా కనిపించలేదు, హాని మాత్రం పెరిగింది.

రమణ మహర్షి పుట్టిన తిరుచ్చులి, హాకీకి పేరుపడ్డ కోవిల్‌పట్టి ఉన్న దక్షిణ తమిళనాడు నల్లరేగడి సీమలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడే కాదు, 2003 నుంచి రాష్ట్రమంతటా మందు చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్‌దే. 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. బడికీ గుడికీ పట్టణాల్లో 50 మీటర్లు, మిగతాచోట్ల 100 మీటర్ల లోపు కొట్టు ఉండకూడదు. 2023 జూన్‌లో ప్రభుత్వం 500 దుకాణాలు మూసింది. అయినా ఈ నిబంధనలు కౌంటరు దగ్గర నిలబడ్డ కుర్రాణ్నే ఆపగలవు. వీధిలో అన్న తెచ్చిచ్చిన సీసాకు అవి అడ్డుపడవు.

2019 నాటి జాతీయ సర్వే ప్రకారం 10–17 ఏళ్ల వాళ్లలో తాగేవారు 1.3 శాతం, పెద్దల్లో 17.1 శాతం. అంకె చిన్నదే. కానీ ఉత్తర గోవాలో తాగిన అనుభవమున్న మగవాళ్లను అడిగితే, కౌమారంలోనే మొదలుపెట్టామన్నవారు 1956–60 మధ్య పుట్టినవారిలో 19.5 శాతం, 1981–85 మధ్య పుట్టినవారిలో 74.3 శాతం తేలారు. అమెరికా లెక్కల్లో 15 ఏళ్ల లోపు మొదలుపెట్టినవారు బానిసలయ్యే అవకాశం, ఇరవై దాటాక మొదలుపెట్టినవారితో పోలిస్తే నాలుగింతలు. అందుకు తొందరగా తాగడమే కారణమా, తొందరగా తాగించిన ఇంటి కష్టాలా అన్న చర్చ ఇంకా సాగుతోంది.

తాగుడును ఆపే ప్రయత్నాలూ జరిగాయి. తెలుగునాట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. ఐస్‌లాండ్ మరో దారి పట్టింది. అక్కడ నెలలో ఒక్కసారైనా తాగి మత్తెక్కిన 15–16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. మందు కొనే వయసు 20 ఏళ్లు. రాత్రిళ్లు పిల్లలు వీధుల్లో తిరగడానికి గంటలు నిర్ణయించారు. తల్లిదండ్రులు ఒకరితో ఒకరు ఒప్పందాలు రాసుకున్నారు. ఆటలకూ సంగీతానికీ పురపాలక సంఘాలు డబ్బిచ్చాయి.

కోవిల్‌పట్టిలో హాకీకి సింథటిక్ టర్ఫ్ మైదానం ఇప్పటికే ఉంది. చుట్టుపక్కల పల్లెల కుర్రాడికి అక్కడ సాయంత్రం ఆట అందాలంటే చేతికి ఒక స్టిక్కు, నేర్పడానికి ఒక కోచ్, ఆట అయ్యాక ఊరికి చేర్చే బస్సు కావాలి.